పిల్లి తిండి మానిన వేళ: కారణము తెలియని వాంతులపై ఒక సమీక్ష

పిల్లి కక్కుకొన్నదన్న మాటకు మన యిండ్లలో ఎవరును కలతపడరు. గడ్డి తిన్నది గనుక కక్కినదనియు, ఎలుకను మ్రింగినది గనుక కక్కినదనియు, ఒళ్లు నాకుకొనగా వెండ్రుకలు కడుపున చేరినవి గనుక కక్కినదనియు ఏదో యొక కారణము అప్పటికప్పుడు సిద్ధమగును; మరునాడది యథాప్రకారము గిన్నె దగ్గరకు వచ్చినచో ఆ కారణమే నిజమని స్థిరపడిపోవును. చిక్కు వచ్చునది వాంతితోపాటు ఆహారముకూడ మానివేసి, మంచము క్రిందనో గాదె వెనుకనో ముడుచుకొని కూర్చుండి, పిలిచినను రాక, చేపముక్క చూపినను మొగము త్రిప్పుకొనునప్పుడు. అప్పుడు సిద్ధముగా నున్న సమాధానములేవియు చాలవు. "ఏమైందో తెల్వది, రెండొద్దులసంది తిండి ముడ్తలేదు" అని యింటివారు చెప్పు మాటయే ఈ సమీక్షకు విషయము. గడచిన యాబదియేండ్లలో పశువైద్యశాస్త్రము ఈ ప్రశ్నను గురించి కనుగొన్నదానిని ఒకచోట చేర్చి, కోస్గివంటి యూరి జీవనమునకు ఎదురుగా నిలిపి చూచినప్పుడు, కారణము కనుగొనుటకంటె ముందుగా చేయవలసిన పని యొకటి కలదని స్పష్టమగుచున్నది: పిల్లి తినకుండుటను ఏదో రోగమునకు గుర్తుగా మాత్రమే కాక, తానే ప్రాణము తీయగల రోగముగా ఎంచి, మొదటి దినముననే దానికి ప్రతిక్రియ ఆరంభించుట.

కోస్గి పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని యూరు. 2019 లో నారాయణపేట జిల్లా ఏర్పడగా అందు చేరినది. కర్ణాటక సరిహద్దునకు చేరువగా, ఎర్రచెలకలును నల్లరేగళ్లును కలిసి పరచుకొన్న ఈ మెట్టసీమలో జొన్నయు కందియు పత్తియు పండును. పండిన గింజ ఇంట చేరినంతనే దానివెంట ఎలుకయు, ఎలుకవెంట పిల్లియు వచ్చి చేరుట అనాదిగా జరుగుచున్నదే. కావున ఇచ్చటి పిల్లి గదిలో మూసి పెంచబడునది కాదు. పగలు అరుగుమీదను రాత్రి గోడలమీదను తిరుగుచు, ఇంటియన్నము కొంత, వేటాడిన యెలుక కొంత, పొరుగువారి చేపతల కొంత తిని బ్రతుకునది. అది ఏమి తిన్నదో యజమానికి తెలియకపోవుట యిందువలననే. ఇక పసుల దవఖానకు వచ్చువారిలో అధికులు ఎద్దులను, బర్రెలను, జీవాలను తోలుకొని వచ్చువారు. 2019 పశుగణనలో దాదాపు 1 కోటి 90 లక్షల గొర్రెలతో దేశమున ప్రథమస్థానము పొందిన తెలంగాణ రాష్ట్రములో, అందును గొల్లకురుమల మందలకు పేరుగన్న పాలమూరు (మహబూబ్‌నగర్) సీమలో, పశువైద్యుని కాలమంతయు వానికే వ్యయమగుట సహజము. 2017 లో 1962 అను ఫోను సంఖ్యతో ఆరంభమైన సంచార పశువైద్యవాహనములు కూడ ముఖ్యముగ రైతుల పశువుల కొరకు ఏర్పడినవే. ఇంతటి పనినడుమ పిల్లి దవఖాన మెట్లెక్కుట అరుదు. ఎక్కినను మూడవనాడో నాలుగవనాడో ఎక్కును. తరచుగా ఆ లోపలనే దాని బ్రతుకు తేలిపోవుచున్నది.

కుక్క రెండు మూడు దినములు తినకున్నచో నీరసించునే గాని, కేవలము తినకుండుటచేతనే దాని కాలేయము చెడుట అరుదు. పిల్లి శరీరధర్మము వేరు. అది సంపూర్ణ మాంసాహారి. మాంసకృత్తులను విచ్ఛిన్నము చేసి శక్తిగా మార్చుకొను పనిని, ఆహారము దొరకని దినములలో సయితము, దాని కాలేయము తగినంతగా తగ్గించుకొనజాలదు. తిండి ఆగినప్పుడు చర్మము క్రిందను కడుపులోను నిలువయున్న కొవ్వు కరగి రక్తముద్వారా కాలేయమునకు ప్రవహించును; దానిని మరల పొట్లము కట్టి బయటికి పంపుటకు కావలసిన మాంసకృత్తులు ఆ సమయమున లోపించియుండుటచే, కాలేయకణములు కొవ్వుతో నిండి తమ పని మానివేయును. ఇది రెండు మూడు దినముల నిరాహారముతోనే ఆరంభము కావచ్చును. బొద్దుగా పెరిగిన పిల్లులకు అపాయము మరింత యెక్కువ. కనుగ్రుడ్ల తెలుపును, చిగుళ్లును, చెవి లోపలి చర్మమును పసుపెక్కుట దీనికి గుర్తు. పిల్లికి పసిరికలైనవని మనవారనునది చాలసార్లు ఈ వ్యాధియే. కాలేయము చెడినపిమ్మట ఓకరింత కలుగును. ఓకరింతచే తిండి మరింత మానును. మానగా కాలేయము మరింత చెడును. మొట్టమొదటి కారణము పంటినొప్పి వంటి అల్పవిషయమే యైనను, ఇంటికి క్రొత్తకుక్క వచ్చినదన్న బెదురే యైనను, ఈ చక్రము ఒకసారి తిరుగుట మొదలైన తరువాత ఆ తొలికారణము తీరినను పిల్లి తనంతట తాను కోలుకొనుట దుర్లభము. కారణమును వెదకుచు తిండిని మరచుట ఎంతటి ప్రమాదమో దీనివలన తెలియుచున్నది.

పిల్లి యాహారమునకును మన యాహారమునకును గల దూరమును తెలిపిన ప్రయోగములలో ఒకటి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మోరిస్, రోజర్స్ అనువారు 1978 లో ప్రకటించినది. ఆర్జినిన్ అను ఒక్క అమినో ఆమ్లము లేని భోజనమును ఒక్క పూట పెట్టినంతనే, కొన్ని గంటలలోనే పిల్లుల రక్తమున అమ్మోనియా పెరిగి, అవి వాంతులతో సొమ్మసిల్లినవి. 1987 లో పయాన్ మొదలగువారు టారిన్ అను పదార్థము చాలకపోవుటచే పిల్లుల గుండె వ్యాకోచించి బలహీనపడునని నిరూపించిరి. ఈ రెండును మాంసమున సమృద్ధిగా నుండునవే. పాలన్నమును పెరుగన్నమును తప్ప మరేమియు పెట్టని యిండ్లు మనలో పెక్కు కలవు. పెట్టువారి దయను శంకింప పనిలేదు గాని, ఎలుకలు దొరకినన్నాళ్లు ఆ లోటు తీరుచుండుటచేతనే అట్టి పిల్లులు బ్రతుకుచున్నవని యెరుగవలెను. ఇంటినుండి కదలలేని ముసలిపిల్లికి ఆ యవకాశమును లేదు. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి తగ్గిపోవును గనుక, వాంతులైన పిల్లికి బలమని పాలు త్రాగించుట విరేచనములనుకూడ తెచ్చిపెట్టును. గ్లూకోజు నీళ్లతో ఆశపెట్టుటయు వ్యర్థము; తీపిని గుర్తించు జన్యువులలో ఒకటి పిల్లిజాతిలో చెడిపోయినదని 2005 లో తేలినది. పచ్చిచేపను దినదినము పెట్టుటవలనను వేరొక చిక్కు కలదు: కొన్ని జాతుల పచ్చిచేపలలో థయమిన్ అను బి1 విటమినును నాశనముచేయు పదార్థముండును. ఆ విటమిను తగ్గినచో మొదట తిండి మానుట, పిదప తూలుట, మెడ క్రిందికి వంగుట సంభవించును. ఉడికించినచో ఆ దోషము తొలగును.

వాంతి నిజముగా వాంతియేనా యని విచారించుట వైద్యునికి తొలిమెట్టు. పెదవులు నాకుకొని, చొంగ కార్చి, కడుపు ఎగదన్ని బయటికి త్రోసినది వాంతి. ఏ ప్రయాసయు లేక, తిన్న కొద్ది నిమిషములకే అన్నము జీర్ణముకాకయే పొడవుగా జారి పడినచో, దోషము అన్నవాహికలో నుండును. డాక్సీసైక్లిన్ గోలీని నీరు త్రాగింపక మ్రింగించినచో అది పిల్లి గొంతు దిగువన నిలిచి పుండు చేసి, అన్నవాహికను ఇరుకు చేయగలదు. ముక్కు కారుచున్నదని ఆ గోలీలు వాడిన వారము పదిదినముల తరువాత మొదలైన కక్కులకు ఈ కారణమును తప్పక తలపవలెను. మెడ చాచి, నేలకు వంగి, గురగురమని దగ్గి చివరకేమియు కక్కని పిల్లికి ఉబ్బసముండవచ్చును. అన్నిటికంటె ఘోరమైన పొరపాటు మగపిల్లి విషయమున జరుగును. మూత్రమార్గము మూసుకొనిపోయిన మగపిల్లి మాటిమాటికి కూర్చుండి ముక్కుచు, తిండి మాని, రెండవనాటికి వాంతులు చేసికొనును. ఇంటివారు మలబద్ధమని తలచి ఆముదము పట్టించెదరు. రక్తమున పొటాషియము పెరిగి గుండె నిలుచుటకు ఒకటి రెండు దినములు చాలును. కావున వాంతిచేసుకొను మగపిల్లి మూత్రము పోసినదా లేదా అను ప్రశ్న తక్కిన ప్రశ్నలన్నిటికంటె ముందు రావలెను.

ఏడాదిలోపు పిల్లకు హఠాత్తుగా వాంతులు, జ్వరము, నీళ్లగిన్నె దగ్గర తలవాల్చి త్రాగలేక కూర్చుండుట కనిపించినచో పాన్‌ల్యూకోపీనియా అను వైరస్ వ్యాధిని మొదట శంకింపవలెను. ఇది పార్వోవైరస్ కుటుంబములోనిది. 1978 ప్రాంతమున కుక్కలలో ప్రపంచవ్యాప్తముగ వ్యాపించిన పార్వో దీనికి దాయాది. ప్రేవుల లోపలిపొరను, రక్తములోని తెల్లకణములు పుట్టు మజ్జను ఒక్కసారిగా దెబ్బతీయును గనుక, టీకా లేని పిల్లలలో అధికభాగము చనిపోవును. వైరస్ ఇంటిమూలలలో నెలల తరబడి, అనుకూలించిన చోట ఏడాదివరకు నిలుచును. ఫినాయిలుకు లొంగని దానిని బ్లీచింగు ద్రావణము చంపును. ఒక పిల్ల చనిపోయిన యింటికి వెంటనే మరొక పిల్లను తెచ్చుకొనుటవలన అదియు అట్లే చనిపోవుటను "ఆ ఇంటికి పిల్లి అచ్చిరాదు" అని వ్యాఖ్యానించుట వినుచుందుము. అచ్చిరానిది గచ్చుమీద మిగిలిన వైరస్. ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున టీకా మొదలిడి, పదునారు వారములు నిండువరకు మూడు నాలుగు వారముల కొకసారి వేయించుట నేడు అన్నిదేశముల వైద్యులును అంగీకరించిన పద్ధతి. ఈ వ్యాధిని గురించి నేను ఇంత నొక్కిచెప్పుట, మన చేతిలో నివారణోపాయమున్న కారణములలో ఇదియే ప్రథమమగుటచేతనే.

విషములసంగతి మన సీమలో ప్రత్యేకముగ విచారింపదగినది. ఎల్కలమందు పెట్టని గింజలయిల్లు లేదు. అందు నల్లటిపొడిగా దొరకు జింక్ ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీను అను విషవాయువును పుట్టించును. తిన్న కొలదిసేపటినుండి కొన్ని గంటలలోపల వాంతులు, ఆయాసము కలుగును, వాంతి వెల్లుల్లివాసనగాని కుళ్లినచేపవాసనగాని కొట్టును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆ పిల్లికి అన్నము పెట్టినచో ఆమ్లము పెరిగి వాయువు హెచ్చును. ఆ వాయువు దగ్గరనున్న మనుష్యులకును హానికరము గనుక తలుపులు తెరచియుంచవలెను. తినిపింపవలెనను నియమమునకు ఈ మొదటిగంటలు మినహాయింపు. బిళ్లలుగా అమ్ముడగు బ్రోమడయొలోన్ రక్తము గడ్డకట్టు శక్తిని హరించును. మూడు నుండి అయిదు దినముల తరువాత పిల్లి నీరసించి, చిగుళ్లు పాలిపోయి, తిండి మానును. దానికి కె1 విటమిను విరుగుడుగా కలదు. వారముల తరబడి ఈయవలసియుండును. పిల్లి స్వయముగా మందు తినకపోయినను, మందు తిన్న యెలుకలను తినుటచే విషము సంక్రమింపవచ్చును. పత్తిచేల పురుగుమందు సోకినదానికి చొంగ, వాంతులు, సన్నబడిన కనుపాపలు, వణుకు కనిపించును. దీనికి వాడు అట్రోపిన్ పశువులకు కూడ అవసరమగునది గనుక పసుల దవఖానలో సాధారణముగ నుండును. పూలకుండీలలో గన్నేరు గుండెను చెరచును. నగరమునుండి వచ్చు పుష్పగుచ్ఛములలోని లిల్లీజాతి పూలలో అసలు లిలియం వర్గమునకు చెందినవాని ఆకు, పుప్పొడి, కుండీనీరు సయితము మూడుదినములలో పిల్లి మూత్రపిండములను నాశనము చేయును.

వీనియన్నిటికంటె బాధాకరమైన విషము ప్రేమతో పెట్టునది. పిల్లి ఒళ్లు కాలుచున్నదని సగము జ్వరపుగోలి నూరి పాలలో కలుపువారు కలరు. మన శరీరమున పారాసిటమాలును నిర్విషముచేసి పంపు కాలేయపు ఎంజైములలో ముఖ్యమైనది పిల్లిలో పనిచేయదు. దాని జన్యువే నిరుపయోగమైనదని 2000 లో కోర్టు, గ్రీన్‌బ్లాట్ అనువారు చూపిరి. నాలుగు కిలోల పిల్లికి 650 మిల్లీగ్రాముల గోలీలో సగము ప్రాణాంతకము కాగలదు. కొన్ని గంటలలో చిగుళ్లు గోధుమవన్నెకు మారి, మొగమును పాదములును వాచి, ఊపిరి బరువగును. ఎసిటైల్ సిస్టీన్ అను విరుగుడు మనుష్యుల మందులషాపులలో కూడ దొరకునదే. గోలీ యిచ్చినమాట దాచక చెప్పినచో వైద్యుడు దానిని వెంటనే యారంభింపగలడు. విషము తిన్నదని తెలిసి ఉప్పునీళ్లు పట్టించి కక్కించుటయు కూడదు: రక్తమున ఉప్పు పెరిగి మూర్ఛలు వచ్చును. హైడ్రోజన్ పెరాక్సైడు పిల్లికడుపున రక్తపుపుండ్లు చేయును.

దారమును గూర్చి వేరుగ చెప్పవలసియున్నది. నారాయణపేట చీరల నేతకు పేరుపొందిన ఈ ప్రాంతమున మగ్గమున్న యింట నూలు, పట్టు పోగులు నేలను పడియుండుట మామూలు. మగ్గములేని యింటను పూలదండ దారము, గాలిపటపు మాంజా, కుట్టుసూది దారము ఉండనే యున్నవి. పిల్లినాలుకపై వెనుకకు తిరిగిన ముండ్లు ఉండుటచే, నోట చేరిన దారమును అది ఉమియలేక లోనికే మ్రింగును. ఒక కొన నాలుక మొదట చుట్టుకొని తక్కినది ప్రేవులోనికి సాగినచో, ప్రేవు ముందుకు కదలుటకు యత్నించిన కొలది ఆ దారముపైన చీర కుచ్చిళ్లవలె దగ్గరకు ముడుచుకొని, దారము బిగిసినచోట కోసుకొనిపోవును. వాంతి, తిండి మానుట తప్ప మొదట మరేమియు కనిపింపదు. కనుక నోరు తెరచి నాలుకక్రింద చూడనిదే "కారణము తెలియదు" అనుట తొందరపాటు. నోటనో గుదముననో దారపుకొన వ్రేలాడుచున్నను లాగరాదు. ఇది శస్త్రచికిత్సతోనే తీరునది. ఆలస్యమగుకొలది ప్రేవు చిల్లులుపడును.

ఒక్కనాటి వాంతులను విడిచి నెలల తరబడి సాగు వాంతుల మాటకు వచ్చినచో, వెండ్రుకలయుండను గురించిన వివాదము ఎదురగును. పిల్లియన్నప్పుడు వెండ్రుకలు కక్కుట స్వభావమే యని చిరకాలము వైద్యులును చెప్పుచుండిరి. 2013 లో నార్స్‌వర్దీ బృందము ప్రకటించిన పరిశీలనలో, దీర్ఘకాలముగ వాంతులు, విరేచనములు, బరువు తగ్గుట గల నూరు పిల్లుల చిన్నప్రేవులనుండి ముక్కలు తీసి పరీక్షింపగా తొంబదితొమ్మిదింట రోగము కనబడినది; వానిలో ఇంచుమించు సగము దీర్ఘకాలికమైన వాపు, దాదాపు మరొక సగము లింఫోమా అను కాన్సరు. ఆ పిల్లులన్నియు అల్ట్రాసౌండులో ప్రేవుగోడ దళసరియై కనబడుటవంటి లక్షణములనుబట్టి ఏరినవి గనుక, అప్పుడప్పుడు కక్కు ప్రతిపిల్లికిని ఈ సంఖ్యలను అంటగట్టరాదు. అయినను తరచుగా వెండ్రుకలు కక్కుటను స్వభావమని త్రోసివేయుటకు ఇక తావులేదనియే నా యభిప్రాయము. ఇందుకు ప్రతిగా ఆశ కలిగించు పరిశీలన యొకటి 2001 నాటిది: గిల్‌ఫర్డ్ మొదలగువారు దీర్ఘకాలిక జీర్ణరోగములుగల 55 పిల్లులకు ఆహారము మాత్రమే మార్చి చూడగా దాదాపు సగమునకు గుణము కనబడినది, అదియు కొలది దినములలోనే. కోయుటకంటె, కాన్సరని భయపడుటకంటె ముందు రెండుమూడు వారములు ఒకేజాతి మాంసమును ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి లేక ఉడికించి పెట్టి చూచుట కోస్గిలోనైనను సాధ్యమే. అది పరీక్షాహారమే గాని చిరకాలము పెట్టదగిన సంపూర్ణాహారము కాదు. ఉల్లియు వెల్లుల్లియు పిల్లి యెర్రకణములను పగులగొట్టునవి. మన కూరముక్క దానికి హానియగుట కారమువలనకంటె వీనివలననే.

పదియేండ్లు దాటిన పిల్లిలో మూత్రపిండములు క్షీణించుట మిక్కిలి సామాన్యము: నీరు ఎక్కువ త్రాగును, మూత్రము నీళ్లవలె పోయును, చిక్కును, తుదకు తిండి మాని కక్కును. అవటుగ్రంథి అతిగా పనిచేయు వ్యాధిని 1979 లో పీటర్సన్ తొలుత వర్ణించెను. అందు పిల్లి బాగుగ తినుచునే చిక్కి కక్కును గనుక, తిండి మానినదానికంటె ఆకలి పెరిగినదానిలో దీనిని వెదకవలెను. క్లోమపువాపు మాత్రము వేషములు మార్చునది. కుక్కలో అది తీవ్రమైన వాంతులతో చాటుకొనును. పిల్లిలో చాలసార్లు మందకొడితనము, తిండి మానుట తప్ప వేరు లక్షణమే యుండదు. పిల్లి క్లోమనాళమును పిత్తనాళమును ప్రేవులోనికి ఒకే ద్వారమున కలియుచుండుటచే కాలేయము, క్లోమము, ప్రేవు మూడును కలిసి వాచుటయు కలదు. కరోనావైరస్ రూపాంతరముచే కలుగు ఎఫ్.ఐ.పి. వ్యాధికి, చిన్నపిల్లులలో కడుపున నీరు, వీడని జ్వరము, ఆకలిలేమి గుర్తులు. పెడర్సన్ 2019 లో జి.ఎస్. 441524 అను ఔషధముతో పెక్కు పిల్లులు కోలుకొన్నట్లు ప్రకటించువరకు అది మరణశాసనముగానే యుండెను.

ఇన్ని కారణములలో తన పిల్లిది ఏదో తేల్చుకొనుటకు కోస్గిలోని యజమాని చేయగలిగినది, తలచినదానికంటె ఎక్కువే. చివర ఎప్పుడు తిన్నది, ఎప్పుడెప్పుడు కక్కినది, కక్కినదాని రంగేమి, మూత్రము పోసినదా, ఇంటనో పొరుగుననో ఎల్కలమందు పెట్టిరా, ఏ గోలీ యిచ్చితిమి అనువానిని గంటలతో సహా కాగితముపై వ్రాసికొనుట, కక్కునప్పుడు ఫోనులో వీడియో తీయుట, వైద్యునికి సగము పరీక్షతో సమానము. కిరాణాకొట్టు త్రాసుమీద వారమున కొకసారి తూచిన లెక్క ఉన్నచో మరియు మేలు. నాలుగు కిలోల పిల్లి నాలుగువందల గ్రాములు తగ్గుట శరీరమున పదవవంతు పోవుటయని కంటికి తోచదు, త్రాసుకు తోచును. పెదవి ఎత్తి చిగుళ్లు గులాబివన్నెలో నున్నవా, పాలిపోయినవా, పసుపెక్కినవా చూడవలెను. అయితే చొంగ కార్చుచు, గొంతుమారి, అకారణముగ మీదపడు పిల్లి నోరు మాత్రము తెరవరాదు. అది రేబిస్ కావచ్చును. అట్టిది కరచినచో పుండును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి ఆనాడే సర్కారు దవఖానలో టీకా వేయించుకొనవలెను.

చికిత్సావిషయమున వైద్యుల యభిప్రాయము ఒక తరమునకు పూర్తిగ మారినది. వాంతులైన జంతువును ఒకటి రెండు దినములు ఉపవాసముంచి ప్రేవులకు విశ్రాంతి నీయవలెనని పూర్వపు గ్రంథములు బోధించినవి. నేడు వాంతిని మందుతో అణచి, సాధ్యమైనంత త్వరగా కొద్దికొద్దిగ తినిపించుటయే మేలని నిశ్చయించిరి, ప్రేవుపొర తనకు కావలసిన పోషణను ప్రేవులోని యాహారమునుండియే గైకొనును గనుక. వాంతులకు మనుష్యులకు వాడు మెటోక్లోప్రమైడు పిల్లికి అంతగా పనిచేయదు. పిల్లి మెదడునందలి వమనకేంద్రము డోపమినుకు తక్కువగ స్పందించుటయే ఇందుకు హేతువు. మారోపిటెంటు, ఒండాన్‌సెట్రాను మెరుగైనవి. మిర్టజపిన్ ఆకలిని పుట్టించును. చెవికి రాయు లేపనముగా దానిని అమెరికాలో 2018 లో ఆమోదించిరి. మోతాదు మాత్రము పిల్లి బరువునుబట్టి, మూత్రపిండముల స్థితినిబట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. ఇక నోరు బలవంతముగ తెరచి అన్నము కుక్కుట మన యిండ్లలో మమకారముతో చేయు పనియే యైనను నేను దానిని మెచ్చను: ఓకరింతతో నున్నప్పుడు బలవంతముగ పెట్టిన యాహారమును పిల్లి ఆ బాధతో ముడివేసికొని, కోలుకొన్న పిదపను దానిని అసహ్యించుకొనును, పొరపోయి ఊపిరితిత్తులలో చేరుట మరియొక అపాయము. మాంసపు రసమునో ఉడికిన కోడిమాంసమునో ఒంటివేడికి వెచ్చచేసి వాసన తగులునట్లు దగ్గర పెట్టి, తినకున్న పావుగంటకు తీసివేయుట సరియైన పద్ధతి. జలుబుతో ముక్కు మూసుకొన్న పిల్లికి వాసన తెలియదు గనుక తినదు. దానికి ముక్కు శుభ్రముచేయుటయే తొలి ఔషధము.

ఇవేవియు ఫలింపకున్న గొట్టముద్వారా ఆహారము పంపవలెను. నాలుగు కిలోల పిల్లికి కదలక పడియున్నప్పుడు దినమునకు సుమారు రెండువందల కిలోకాలరీలు కావలెను. పలుదినములు పస్తున్నదానికి మొదటినాడు అందు పావుభాగమో మూడవవంతో మాత్రమే యిచ్చి, మూడు నాలుగు దినములలో పూర్తిచేయవలెను, లేనిచో రక్తమున భాస్వరము హఠాత్తుగ పడిపోవును. ఈ విధముగ వారములపాటు పోషింపగా కాలేయమున కొవ్వు పేరుకొన్న పిల్లులలో సయితము అధికభాగము బ్రతుకుచున్నవి.

ఎక్స్‌రే, అల్ట్రాసౌండు, శస్త్రచికిత్స కావలసినప్పుడు హైదరాబాదు, అందు నారాయణగూడ పశువైద్యశాలయో, రాజేంద్రనగరమునందలి పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయపు కళాశాలయో శరణ్యము. కోస్గినుండి నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. కాని ప్రతిపిల్లికిని ఆ ప్రయాణ మక్కరలేదు. మండలపు పసుల దవఖానలో సూక్ష్మదర్శినితో రక్తపుచుక్కను చూచి తెల్లకణములు తగ్గినవో లేదో చెప్పవచ్చును. గ్లూకోజు పట్టీతో మధుమేహమును, చిన్న వక్రీభవనమాపకముతో మూత్రపు సాంద్రతను తెలిసికొనవచ్చును. ఒండాన్‌సెట్రాను, సెలైను, కె1 విటమిను, ఎసిటైల్ సిస్టీను ఏ పెద్ద మందులషాపులోనైనను దొరకును. పసిబిడ్డలకు పాలుపట్టుటకు వాడు సన్నని గొట్టమునే పిల్లిముక్కునుండి అన్నవాహికలోనికి దింపి ద్రవాహారము పంపవచ్చును. పశువైద్యాధికారులకు జరుగు శిక్షణలలో గొర్రెల టీకాలతోపాటు ఈ యొక్క పనిని ఒకపూట నేర్పినచో, మా సీమలోని పెక్కు పిల్లులు మూడవదినము దాటును. తుమ్ములతో ముక్కు మూసుకొన్నదానికి, ఎడతెగక కక్కుచున్నదానికి మాత్రము ఆ గొట్టము నిలువదు. అట్టిదానికి మెడప్రక్కనుండి అన్నవాహికలోనికి గొట్టము వేయింపవలెను గనుక, వాంతులు తగ్గుటకు ఎదురుచూడక రెండవనాటి ప్రొద్దుటి బస్సుకే హైదరాబాదునకు తీసికొనిపోవలెను.